అత్త నడుముకి కట్టిన సెన్సర్

గిరిసోల దగ్గర రైల్వే గేటు పడబోతోంది, గంట మోగుతోంది. నేను అవతలికి దాటేశాను. మా అత్త నెత్తిన చేపల గంపతో పట్టాల మధ్య ఆగిపోయింది.

"బేగి రా అత్తా!" అని అరిచాను.

"కాళ్ళు కదల్డం నేదే!"

వెనక్కి పరిగెత్తి, గంప లాగి పారేసి, రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. రైలు మమ్మల్ని రాసుకున్నట్టే వెళ్ళిపోయింది. ఆవిడ మాత్రం పాడైన చేపల కోసం నన్ను తిట్టింది.

ఇంట్లో అందరూ వయసన్నారు. నాకు ఒళ్ళు మండింది. మొన్నటిదాకా నాకంటే ముందు నడిచిన మనిషికి ఉన్నట్టుండి వయసొచ్చేస్తుందా? బరంపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టర్ గారు కారిడార్‌లో నడవమన్నారు. ఆవిడ బాణంలా నడిచింది! ఎవరైనా చూస్తుంటే చాలు, ఎక్కడలేని పౌరుషం. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇక్కడి నడక కాదమ్మా, రోజువారీ నడక చూడాలి," అని ఆయన అగ్గిపెట్టెంత సెన్సర్ ఇచ్చారు. నడుముకి బెల్టుతో కట్టుకుంటే రోజంతా వాకింగ్ స్పీడ్ కొలుస్తుందట. పనులన్నీ మామూలుగా చేసుకోమన్నారు.

వారం తర్వాత కంప్యూటర్ చూసి ఆయన మొహం మారిపోయింది. "పొద్దున్నంతా మంచం మీదే ఉంటున్నారా?"

"లేదండీ, చేపలమ్ముతుంది!"

అప్పుడు అత్త నోరు విప్పింది. "నీసు తగిల్తే ఆసుపత్రోళ్ళ సామాను పాడైపోదేటి బాబూ? గంపెత్తినప్పుడల్లా ఇప్పేసి, గుడ్డలో సుట్టి దేవుడి గూట్లో ఎట్టినాను."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వారమంతా ఆవిడ రెక్క వదలకుండా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గేటు దాటాను. అదంతా వృథా అయిపోయింది.

రెండోసారి నేనే కట్టి, చీరకి పిన్నీసు పెట్టాను. ఈసారి బయటపడింది. మామూలుగా నడుస్తూ ఉన్నట్టుండి స్పీడ్ పడిపోతోంది, ఆగిపోతోంది. చేతులూ కాళ్ళూ వంచి చూసి, స్కాన్ తీయించి, "పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు" అన్నారు. "పూర్తిగా పోదు. మందులతో నడక మెరుగవుతుంది. గంప వద్దు, ఒంటరిగా పట్టాలు దాటొద్దు."

"ఇంక కూకోబెట్టి కూడెడతారేటి నాకు?" అని అత్త ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

మాత్రలు మొదట వాంతులు చేయించాయి. అవి తగ్గి నడక కుదురుకుందనుకుంటే, ఒక మధ్యాహ్నం గుమ్మంలోనే పడబోయింది. మళ్ళీ సెన్సర్ కట్టారు. మధ్యాహ్నం మాత్రకి ముందు స్పీడ్ పడిపోతోందని తెలిసి, మాత్రల టైమ్ మార్చారు.

ఇప్పుడు గంప నాది, బేరం ఆవిడది. మీకు చెప్పేది ఒక్కటే: పెద్దవాళ్ళు డాక్టర్ ఎదుట బాగా నడిచారని ఊరుకోకండి. ఇంట్లో, పనిలో ఎలా నడుస్తున్నారో చూసి చెప్పండి. సెన్సర్ ఇస్తే, పని చేసేటప్పుడు తీసి దాచనివ్వకండి.

నిన్న గేటు తెరిచే ఉంది. చెయ్యి పట్టుకుందామని చూసేసరికి అత్త పక్కన లేదు. నాకంటే ముందు పట్టాలు దాటేసి, అవతల నించుని అరుస్తోంది.

"ఏటే, కాళ్ళు కదల్డం నేదా? బేగి రా!"