ముల్లు లేని మీటరు

మునిరామయ్య ముల్లు చూడనిదే దేన్నీ నమ్మడు. గడియారం ముల్లు కాదు, మీటరు ముల్లు. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పైరెండేళ్లు బాయిలరు ముందు కూర్చుని, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మీదే కళ్లు పెట్టుకుని బతికిన మనిషి. మనిషి రిటైరయ్యాడు గానీ, ఆ కళ్లు కాలేదు.

చిత్తూరులో తన ఇంటి మిద్దెమీది నీళ్ల ట్యాంకుకు సైకిలు పుల్లతో ముల్లు పెట్టాడు. ఇడ్లీ పాత్రలో థర్మామీటరు దించాడు. ఒక పెళ్లిలో సాంబారు వడ్డించేవాణ్ణి ఆపి, "ఎన్ని డిగ్రీలుంటాదప్పా?" అని అడిగితే, అతను బకెట్టుతో సహా పక్క బంతికి పారిపోయాడు.

"నన్ను పెండ్లి చేసుకునేటప్పుడు యాడ పెట్టినావబ్బా ముల్లు?" అంటుంది భార్య పంకజాక్షి.

"అప్పుడు పెట్టలేదనే గదమ్మే, ఇప్పుడు అన్నిటికీ పెడతావుండేది!"

కోడలు సుజనకు ఇవేవీ విచిత్రంగా తోచలేదు. ఆమె చదివింది భౌతికశాస్త్రం. పైగా పద్నాలుగు నెలల కూతురు అమలకు జ్వరం లేకపోయినా రోజుకు ఆరుసార్లు జ్వరం చూసే తల్లి. ఆమె దిగులల్లా రాబోయే సోమవారం గురించే. ఆనాటికి సెలవు అయిపోతుంది. పాఠాలు చెప్పే కాలేజీ తిరుపతిలో, పిల్లల్ని చూసుకునే చోటు ఆ కాలేజీ పక్కనే. భర్త మునికుమార్ సూళ్లూరుపేటలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి వస్తాడు. పాప ఇంకా తల్లిపాలు మానలేదు, ఇంట్లో వదిలి పోవడానికి లేదు; బస్సెక్కితేనేమో వాంతులు చేసుకుంటుంది. ఇంట్లోని పాత కారులో పాపను వెనక సీట్లో కట్టి, రోజూ తనే నడుపుకుంటూ పోవాలి. లేదా ఉద్యోగం మానుకోవాలి.

ఆ సోమవారానికి ఇంకా ఎనిమిది రోజులుండగా, ఆదివారం నాడు, పాపను వెనక సీట్లో కట్టి, మామను పక్కన కూర్చోబెట్టుకుని పూతలపట్టు దాకా నడిపి చూసింది. ఇంజను వేడి చూపే ముల్లు ఏనాడో చచ్చిపోయిన కారు అది.

"మామా, వేడెక్కిందంటారా? కాలిన వాసన వస్తావుందా?"

వెనక్కి తిరిగి పాపను చూడటం, ఉలిక్కిపడి ముందుకు తిరిగి బ్రేకు తొక్కడం. దారి పొడుగునా ఇదే. ఇల్లు చేరగానే తాళాలు బల్లమీద పడేసి, "నావల్ల కాదు మామా. రాజీనామా రాసేస్తా," అంది.

మునిరామయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నీ పగిలిన ఫోను యాడుండాది?" అన్నాడు.

ఆ తర్వాత రెండు రోజులు ఆయన కాళ్లు మాత్రమే కారు బయట కనిపించాయి. స్టీరింగు కింద, మెకానిక్కులు కంప్యూటరు తగిలించే చోట, ఇంజను లెక్కల్ని ఫోనుకు పంపే వేలెడంత డబ్బా గుచ్చాడు. గుజ్జు డ్రమ్ము మూత రబ్బరు కోసి, పాత ఫోనును స్టీరింగు పక్కన బిగించాడు. ఫ్యూజుల పెట్టెలోంచి దానికి వైరు లాగాడు. తెరమీద మూడు గుండ్రాలు వెలిగాయి: ఇంజను వేడి, బ్యాటరీ, వేగం.

"తొంభై డిగ్రీలు! అంతే ఉండాల మామా!" సుజన మొహం కూడా వెలిగింది.

మర్నాడు కారు కదల్లేదు. కారు ఆపినా ఫోను ఆరలేదు. అసలే ముసలి బ్యాటరీ, ఉన్న కాస్తా ఖాళీ.

"తాళం తీస్తే ఆరిపోయే వైరుకు గదా మామా కలపాల్సింది?"

"బాయిలరు ముల్లు ఎప్పుడన్నా పండుకుంటాదామ్మా?"

వీధిలోవాళ్లంతా కలిసి తోశారు. ఎదురింటి ఇమ్మానుయేల్ రొప్పుతూ, "మామా, తోసేవాళ్లకు ముల్లు పెట్టలేదే?" అన్నాడు. మునిరామయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. వైరు మాత్రం మార్చాడు.

సోమవారం పొద్దున కారెక్కిన సుజనకు ఫోను పక్కన నాలుగో గుండ్రం కనిపించింది. ఇత్తడి అంచు. చూడగానే గుర్తుపట్టింది. రిటైరైన రోజు ఫ్యాక్టరీవాళ్లు మామ చేతికిచ్చిన బాయిలరు మీటరు అది. దేవుడి గూట్లో పెట్టి, శుక్రవారం శుక్రవారం తుడిచి బొట్టు పెట్టేవాడు. ఇప్పుడందులో అంకెల్లేవు, ముల్లు లేదు. గుండ్రటి అద్దం ఉంది. అద్దంలో, వెనక సీట్లో మేజోడు నములుతున్న అమల ఉంది.

"మామా... ఇది మీ..."

"పూతలపట్టుకు పోయొచ్చేలోపల నలభైమూడు సార్లు ఎనక్కి తిరిగినావు. లెక్కబెట్టినా. బండి వేడెక్కలేదమ్మా, వేడెక్కింది నువ్వు."

"దీనికి ముల్లు లేదు గదా?"

"బిడ్డ నవ్వుతావుందో ఏడుస్తావుందో తెలిసేదానికి ముల్లెందుకు?"

సుజన అద్దాన్ని కాస్త పాప వైపు సరిచేసుకుంది. తాళం తిప్పింది.

మొదటి రోజు కదా అని మునిరామయ్య కూడా పాప పక్కన కూర్చున్నాడు. చంద్రగిరి దగ్గర అద్దంలో చూస్తే ఇద్దరూ నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్నారు. కాలేజీ ముందు కారు ఆగాక ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఎన్నిసార్లు తిరిగినావు?"

"ఒక్కసారి కూడా లేదు మామా."

మునిరామయ్య ఫోను కేసి చూశాడు. అద్దం కేసి చూశాడు. ఆ సంగతి చూపించే ముల్లు కారు మొత్తంలో ఎక్కడా లేదు. పాపను ఎత్తుకుని దిగుతూ, బతుకులో మొదటిసారి రాజీ పడ్డాడు.

"సరేలే. నువ్వు చెప్తే నమ్ముతా."