ఆరో తేదీ గులాబీలు

2010లో నేను అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. కెన్యాలో కోసిన గులాబీలు రాత్రి విమానమెక్కి తెల్లారేసరికి ఆమ్‌స్టర్‌డాంలో దిగుతాయని ఆ ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. పూల వెంట వెళ్లాల్సిన ఇన్వాయిస్, పెట్టెల జాబితా లాంటి కాగితాలను ప్రింట్ చేసేది మా ప్రోగ్రాం. కెన్యాకీ నెదర్లాండ్స్‌కీ మధ్య సాగే అంత వ్యాపారంలో నా పని అంతే. ఆ రెండు దేశాల్లో దేన్నీ నేను చూడలేదు.

నైరోబీ దగ్గర ఒక తోటలో పూలు ప్యాక్ చేసే షెడ్‌కి మేనేజర్‌గా ఉన్నావిడ మాత్రం నాకు గొంతుతో పరిచయం. వారానికోసారి కాల్‌లో మాట్లాడుకునేవాళ్లం. ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద కమ్మి యూరప్‌లో విమానాలు ఆగిపోయినప్పుడు, ఆవిడ గొంతు ఒక్క వారంలో నీరసపడిపోయింది.

"కోసిన పూలన్నీ ఎరువు గుంటలో పోస్తున్నాం. షెడ్‌లో ఆడవాళ్లను పని లేదని ఇంటికి పంపేశాను. మదర్స్ డే సరుకు సరిగ్గా వెళ్తేనే ఈ ఏడాది తేరుకుంటాం" అంది.

మే మొదటి వారంలో మా ప్రోగ్రాం కొత్త వెర్షన్ పెట్టాం. అందులో కాగితాల మీద తేదీ వేసే భాగాన్ని రాసింది నేనే. బుధవారం, అంటే మే ఐదున పంపిన సరుకు గురువారం ఏ ఇబ్బందీ లేకుండా కస్టమ్స్ దాటింది. గండం గడిచిందనుకున్నాను.

శుక్రవారం ఉదయం ఆరు గంటలకు మా మేనేజర్ ఫోన్ చేశాడు. ఆయన అమెరికన్, ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు.

"గురువారం పంపిన పూలు ఆమ్‌స్టర్‌డాంలో ఆపేశారు. ఇన్వాయిస్‌లో ఏదో తేడా ఉందట. చూడు" అన్నాడు.

లాప్‌టాప్ తెరిచి ఒక ఇన్వాయిస్ చూశాను. 05/06/2010. మే ఆరు. సరిగ్గానే ఉంది కదా అనుకున్నాను. రెండోసారి చూసినప్పుడు పొరపాటు కనబడింది. అమెరికా వచ్చిన ఐదేళ్లలో నెల ముందు రాయడం నాకు అలవాటైపోయింది. నెదర్లాండ్స్‌లో రోజు ముందు రాస్తారు, మన దగ్గర రాసినట్టే. వాళ్ల కంటికి అది జూన్ ఐదు. పూలకు తెగుళ్లు లేవని కెన్యా అధికారులిచ్చిన పత్రం మీద మే ఆరు అని అక్షరాల్లో ఉంది. రెండు కాగితాలకూ పొంతన లేదు. ముందురోజు 05/05 కాబట్టి ఎటు చదివినా ఒకటే. అందుకే ఎవరికీ తెలియలేదు.

మా ఆయన కాఫీ కప్పు పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"ఏమైంది?"

"నేనే తప్పు చేశాను. డేట్ ఫార్మాట్."

"ఫిక్స్ చేయొచ్చు కదా?"

"చేస్తాను. కానీ పూలు అక్కడ ఆగిపోయి ఉన్నాయి."

నా H-1B వీసా ఎక్స్‌టెన్షన్ అప్పటికి పెండింగ్‌లో ఉంది. మా ఆయన కంపెనీలో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. ఇద్దరి బుర్రలోనూ అదే తిరుగుతోంది.

తప్పు సరిచేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సరిచేసింది నిజంగా సరైందేనా అని చూసుకోవడానికి గంట. ఒకటికి పదిసార్లు ప్రింట్ చేసి చూసినా నా కళ్ల మీద నాకే నమ్మకం కలగలేదు.

ఎనిమిదింటికి ఆఫీస్‌లో, మేనేజర్ గదిలో, కాన్ఫరెన్స్ కాల్. అటువైపు కెన్యా నుంచి షెడ్ మేనేజర్, నెదర్లాండ్స్ నుంచి పూలు కొనే డచ్ ఆయన. ఆయన కోపమంతా ఆవిడ మీదే చూపించాడు.

"తేదీ కూడా సరిగ్గా వేయలేరా మీ షెడ్‌లో? ఎల్లుండి మదర్స్ డే. వచ్చే సీజన్‌కి వేరే తోట చూసుకుంటాం."

"తేదీ మేము వేయం సర్. ప్రోగ్రామే వేస్తుంది" అంది ఆవిడ నెమ్మదిగా. ఆయన వినిపించుకోలేదు.

మా మేనేజర్ ఫోన్ మ్యూట్ చేసి, "ఇప్పుడు మనం ఏమీ చెప్పొద్దు. ముందు పూలు బయటికి రానీ. తర్వాత చూద్దాం" అన్నాడు.

తలూపాను. అటువైపు డచ్ ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత ఎవరూ చూడరని నాకు తెలుసు. చెయ్యి చాచి మ్యూట్ తీసేశాను.

"తప్పు షెడ్‌ది కాదు. ఆ ప్రోగ్రాం రాసింది నేను. తేదీ తిరగేసి పడింది. సరిచేశాను, ఇప్పుడే మళ్లీ ప్రింట్ తీసుకోవచ్చు" అన్నాను.

ఆవిడ వెంటనే, "ప్రింట్ చేస్తున్నాను" అంది.

ఆవిడ కొత్త ఇన్వాయిస్‌లన్నిటి మీదా సంతకాలు పెట్టి, స్కాన్ చేసి పంపింది. మా మధ్యాహ్నం ఒంటిగంటకు, అంటే ఆమ్‌స్టర్‌డాంలో సాయంత్రం ఏడింటికి, సరుకు వదిలారు. చాలా పెట్టెలు శనివారం దుకాణాలకు చేరాయి. కోల్డ్ స్టోరేజ్‌కి బయట ఉండిపోయిన పెట్టెల్లో పూలు విచ్చుకుపోయాయి. వాటిని ఎవరూ తీసుకోలేదు.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను.

"మీ మేనేజర్ వద్దన్నాక కూడా ఎందుకు చెప్పావ్? ఎక్స్‌టెన్షన్ వచ్చేదాకన్నా ఆగాల్సింది."

"అప్పటికి ఆవిడ ఉద్యోగం ఉండేది కాదు."

"మరి మనది?"

ఆ శనాదివారాలు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. సోమవారం మేనేజర్ గదిలోకి పిలిచి తలుపు వేస్తే, ఉద్యోగం తీసేసి బ్యాడ్జ్ అడుగుతాడనే అనుకున్నాను.

"నువ్వింక క్లయింట్ కాల్స్‌లోకి రావద్దు" అన్నాడు. అంతే. ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయ్యేదాకా దాదాపు రెండు నెలలు, ఏ ఇమెయిల్‌లో ఏముంటుందోనని బెదురుతూనే గడిపాను.

కాల్స్ లేకపోవడంతో ఆవిడ గొంతు మళ్లీ వినలేదు. ఒకసారి మెయిల్ రాసింది. డచ్ ఆయన వాళ్ల దగ్గరే కొంటున్నాడట. షెడ్‌లో ఆడవాళ్లందరూ పనికి తిరిగొచ్చారట. "ఆ రోజు నువ్వు మాట్లాడకపోతే నా కుర్చీలో ఇంకెవరో ఉండేవారు. కానీ పాడైపోయిన ఆ పూలు కోసిన వాళ్లకు ఏం జరిగిందో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. అదంత తేలిగ్గా లేదు" అని రాసింది.

జవాబు నాలుగుసార్లు రాసి తుడిచేశాను. చివరికి క్షమించమని మాత్రం రాసి పంపాను.