గీత పడనివ్వని మా మేస్త్రి గారు

మేస్త్రి గారు పోయారని ఫోన్ వచ్చేసరికి నా చేతుల్లో సగం అతికిన ఫిల్మ్ ఉంది. ఒక తెల్ల కారు బానెట్ మీద సబ్బునీళ్ళు కారుతున్నాయి. ఎడమవైపు అతుక్కుంది, కుడివైపు ఇంకా గాల్లోనే ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి విన్నాను. అవతల వాళ్ళావిడ. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ ఏడవడం లేదు. "పొద్దున కాఫీ తాగారమ్మా. పేపర్ మడిచి పక్కన పెట్టారు. అంతే" అంది.

ఆ తర్వాత నేను చేసిన పనికి మీలో కొందరు తప్పుపడతారేమో. ఫోన్ పెట్టేసి, ఆ కుడివైపు కూడా పూర్తి చేశాను. మధ్యలో వదిలేస్తే జిగురు ఆరి అక్కడొక గీత నిలిచిపోతుంది. అలాంటి గీత వెనక వదిలి ఆయన దగ్గరికి వెళ్ళడానికి నాకు మొహం చెల్లలేదు. అంచులన్నీ లోపలికి మడిచి, చేతులు కడుక్కుని, అప్పుడు గుణదలలో వాళ్ళింటికి బయల్దేరాను. ఆటోలో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

మా పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. కొత్త ఫోన్ కొనగానే దాని అద్దం మీద పల్చటి పొర అతికిస్తారు కదా, అలాంటిదే ఇంకాస్త మందంగా కార్లకీ ఉంటుంది. రాయి తగిలినా, కొమ్మ గీరుకున్నా దెబ్బ ఆ పొర తింటుంది, కింద రంగు కొత్తగానే ఉంటుంది. సరిగ్గా అతికితే అసలు ఉన్నట్టే తెలియదు. బెజవాడలో ఆ పేరే చాలామంది విననప్పుడు మేస్త్రి గారు ఆ పని మొదలుపెట్టారు.

అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆయన ఆటోనగర్‌లో లారీలకు రేడియం స్టిక్కర్లు కోశారు. ఊరి పేర్లు, పిల్లల పేర్లు, పులిబొమ్మలు, ఏవైనా సరే ముందు పెన్సిల్‌తో గీయకుండా నేరుగా బ్లేడుతో కోసేవారట. తర్వాత కోసే మిషన్లు వచ్చాయి. ఆయన కోసం వెతుక్కుంటూ వచ్చే లారీలు తగ్గిపోయాయి. యాభై ఎనిమిదో ఏట హైదరాబాద్ వెళ్ళి నాలుగు రోజులు ఈ ఫిల్మ్ పని నేర్చుకొచ్చారు. "క్లాసులో అందరూ పాతికేళ్ళోళ్ళే. నన్ను చూసి సారొచ్చాడనుకుని లేచి నిలబడ్డారమ్మా" అని చెప్పి నవ్వేవారు.

వచ్చాక ఇంట్లో స్టీలు బిందెల మీద సాధన చేశారు. బిందె మెడ దగ్గర ముడత రాకుండా ఫిల్మ్ తిప్పడం చాలా కష్టం. "ఆ రోజుల్లో మా ఇంట్లో పొర తొడుక్కోని బిందె లేదమ్మా, నీళ్ళకి పోతే చేతిలోంచి జారేది" అని పిన్నిగారు ఇప్పటికీ చెబుతుంది.

నాకు ఆయనతో పరిచయం ఒక జాకెట్ వల్ల అయింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. పటమటలో చిన్న గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. పిన్నిగారి జాకెట్ తీసుకెళ్ళడానికి ఒకరోజు ఆయన వచ్చారు. నేను ఒక జాకెట్‌కి చెయ్యి అతుకుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి అదే పనిగా చూస్తుంటే నాకు చిరాకేసింది.

"ఏం కావాలండీ?" అన్నాను కొంచెం గట్టిగానే.

"ఏం లేదమ్మా. ఆ చంక దగ్గర గుడ్డ ఎట్టా తిప్పావ్? ఒక్క ముడత లేదే!"

"క్రాస్‌లో పెట్టానండీ. ఐమూలగా పెడితే గుడ్డ సాగుతుంది. వంపు ఎటు తిరిగితే అటు వస్తుంది."

ఆయన జేబులోంచి ఒక ఫిల్మ్ ముక్క తీసి నా మిషన్ మీద పెట్టారు. "ఇదీ అంతే. కానీ నా దగ్గరికొచ్చిన మగపిల్లలకి ఈ ముక్క బుర్రకెక్కట్లేదు. లాగి పారేస్తున్నారు. నువ్వు రాకూడదూ?" అన్నారు.

కార్లను నేను రోడ్డు మీద చూడటమే. ఆటోనగర్‌లో లారీల మధ్య ఆడమనిషి పనేంటని మావాళ్ళంతా అన్నారు. అయినా వారం రోజులు చూద్దామని వెళ్ళాను. ఆ వారం ఇంకా అవలేదు.

ఆయన పని నేర్పే పద్ధతి వేరు. ఫిల్మ్ కింది నీళ్ళు బయటికి తోసే రబ్బరు పలకని నా చేతిలోంచి ఎప్పుడూ లాక్కునేవారు కాదు. తప్పు చేస్తుంటే పక్కన నిలబడి గొంతు సవరించుకునేవారు. ఎక్కువ తప్పయితే రెండుసార్లు. "లాగితే మాట వినదమ్మా, బతిమాలితే వింటది" అనేవారు ఫిల్మ్ గురించి. పని అయ్యాక టార్చిలైటు వేసి కారు చుట్టూ తిరిగేవారు. మేం బాగుందన్నా, కారు ఓనరు బాగుందన్నా వినిపించుకునేవారు కాదు. "ఆగండాగండి, ఇంకా లైటు చెప్పలేదు" అనేవారు.

నేను చేరిన రెండో ఏడు ఆ ఎర్ర కారు వచ్చింది. కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన కొన్నారు. రెండే సీట్లు, మోకాలెత్తు కారు. పండుమిరపకాయ రంగు. అది వీధిలోకి వస్తుంటే రెంచీలు పట్టుకున్నవాళ్ళంతా రెంచీలతోనే బయటికొచ్చి నిలబడ్డారు. ఓనరు కారు దిగి మా షెడ్డు పైనుంచి కింది దాకా చూశారు.

"హైదరాబాద్‌లో నెల దాకా ఖాళీ లేదన్నారు, అందుకే వచ్చాను. మీరు లారీలకి స్టిక్కర్లు వేసేవారంట కదా?"

"వేశానండీ, ముప్పై ఏళ్ళు."

"బంపర్ ఎవరు చేస్తారు?"

మేస్త్రి గారు నన్ను చూపించారు. ముందు బంపరంటే కారులోకెల్లా కష్టమైన చోటు. దానికేమో గాలి పోయే పెద్ద పెద్ద నోళ్ళు రెండు, బెత్తెడు లోతున ఉన్నాయి.

"ఈవిడా?" అన్నారు ఓనరు.

"ఈవిడేనండీ. నాకంటే బాగా చేస్తది" అన్నారు మేస్త్రి గారు. అప్పటికి అది నిజం కాదు.

తెచ్చిన ఫిల్మ్ రోల్‌లో బంపర్‌కి రెండు ముక్కలే వస్తాయి. ఓనరు కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. మొదటి ముక్క మధ్యలో అతికి, అటూ ఇటూ లాగి, ఆ లోతుల్లోకి దించాను. పది నిమిషాలు నిలిచింది. తర్వాత లోపలి అంచు టప్పున లేచొచ్చింది. వేడిగాలి మిషన్‌తో వేడి చూపించి మళ్ళీ నొక్కాను. ఈసారి చిరిగింది. ఓనరు లేచి నిలబడి, "మేస్త్రి గారూ, ఇక మీరే చెయ్యండి" అన్నారు.

మేస్త్రి గారు నన్ను బయటికి తీసుకెళ్ళి టీ ఇప్పించారు. సగం టీ అయ్యాక, "ఇది జాకెట్టయితే చెయ్యి ఎక్కణ్ణించి అతుకుతావ్?" అని అడిగారు.

"చంక దగ్గర్నుంచి."

"మరి ఇక్కడ నడుం దగ్గర మొదలెట్టావేంటి?"

నేను గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి పరుగెత్తాను. రెండో ముక్కను ముందు ఆ లోతుల్లోకే, అస్సలు లాగకుండా, మెత్తగా కూర్చోబెట్టాను. అక్కణ్ణుంచి బయటికి తెచ్చాను. సాగినంతవరకే సాగనిచ్చాను. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి బంపర్ అంతా తొడుక్కుంది. మేస్త్రి గారు టార్చి వేసి రెండుసార్లు తిరిగారు. గొంతు ఒక్కసారి కూడా సవరించుకోలేదు. మిగతా కారు ఇద్దరం కలిసి మూడు రోజుల్లో ముగించాం. ఓనరు తల ఊపి కారు తీసుకెళ్ళారు. నా వంక చూడలేదు.

ఆ కార్తీకంలో, వరికోతలప్పుడు, ఒక మధ్యాహ్నం ఆ కారు మళ్ళీ వచ్చింది. కాలవ గట్టు మీద ఎదురుగా కోతమిషన్ వస్తే తప్పుకోవడానికి ఓనరు కారుని పక్కకి దింపారట. అక్కడ సర్కారు తుమ్మ కంప. ముళ్ళు కారు కుడివైపు పొడవునా గీరేశాయి. ముందు లైటు నుంచి వెనక లైటు దాకా తెల్లటి గీతలే. పక్క షెడ్డు పెయింటరు వచ్చి చూసి, "ఇంకేముందండీ, ఈ పక్కంతా మళ్ళీ రంగెయ్యాల్సిందే. కంపెనీ రంగు మాత్రం రాదు" అనేశాడు. జనం పోగయ్యారు. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏదీ మీ ఫిల్మ్? ఏం కాపాడింది?" అని అరిచారు.

మేస్త్రి గారు గీతల మీద వేలితో రాసి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "వేన్నీళ్ళు పెట్టమ్మా" అన్నారు.

నీళ్ళు తెచ్చి తలుపు మీద పోశాను. సన్న గీతలన్నీ మా కళ్ళముందే మాయమైపోయాయి. ఆ ఫిల్మ్ గుణమే అది, వేడి తగిలితే చిన్న గీతల్ని తనే పూడ్చుకుంటుంది. జనంలోంచి "అబ్బో!" అని వినిపించింది. కానీ లోతు గాట్లు అలాగే ఉన్నాయి. పెయింటరు వాటిని చూపించి, "మరి వీటి సంగతి?" అన్నాడు.

"నువ్వే తియ్యమ్మా" అన్నారు మేస్త్రి గారు నాతో.

వేడి చూపిస్తూ తలుపు మూల దగ్గర ఫిల్మ్ అంచు లేపాను. ముల్లు పొర దాటి లోపలికి దిగిందో లేదో నాకు మాత్రం ఏం తెలుసు? బతిమాలుతూ, నెమ్మదిగా, తలుపు మీది పొరంతా ఒకే ముక్కగా వలిచాను. కింద ఎర్రటి రంగు, షోరూంలోంచి అప్పుడే వచ్చినట్టు! ఒక్క గీత లేదు. అందులో నా మొహం కనిపించింది, నా వెనక మేస్త్రి గారి మొహం, ఆ వెనక ఆటోనగర్ అంతా కనిపించింది.

ఎవరో ఈలేశారు. వీధి మొగలో ఆగిన లారీ డ్రైవరు పొడుగ్గా హారన్ కొట్టాడు, అతన్ని చూసి ఇంకొకడు. పెయింటరు తలుపు తడిమి తడిమి చూసి, "నా బండికి కూడా వెయ్యండి మేస్త్రి గారూ" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఓనరు మేస్త్రి గారి చేతులు రెండూ పట్టుకున్నారు. ఆయన ఆ చేతుల్ని మెల్లగా విడిపించుకుని నన్ను చూపించారు.

ఓనరు నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆవేళ 'ఈవిడా' అన్నాను. తప్పైపోయింది" అన్నారు. అంతమందిలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. దణ్ణం పెట్టాను.

మర్నాటి నుంచి కార్లు వరస కట్టాయి. ఏలూరు నుంచి వచ్చాయి, తెనాలి నుంచి వచ్చాయి. చేతులు చాలక పటమటలో నాలాగే జాకెట్లు కుట్టే ముగ్గురు ఆడవాళ్ళని తెచ్చాను. మేస్త్రి గారు వాళ్ళకీ అలాగే, గొంతు సవరించుకుంటూ, నేర్పారు. రెండేళ్ళ కిందట ఆయనకి గుండె నీరసించింది. షెడ్డు నాకు అప్పగించి, కొత్త బోర్డుకి అక్షరాలు తన బ్లేడుతో తనే కోశారు. చూస్తే దాని మీద నా పేరొక్కటే ఉంది. మీ పేరేదండీ అని నేను గొడవపడితే, "ఫిల్మ్ ఎక్కడైనా కనపడతదా?" అని నవ్వి కుర్చీలో వెనక్కి వాలారు.

ఆయన పోయిన మర్నాడు గుణదలలో మట్టి చేశారు. ఇంటిముందు ప్రార్థన అయ్యాక బంధువుల్లో మగవాళ్ళు ఆయన్ని ఉంచిన పెట్టె ఎత్తడానికి ముందుకొచ్చారు. పిన్నిగారు చెయ్యి అడ్డం పెట్టి మా నలుగురినీ పిలిచింది. "ఆయన చేతికింద పనిచేసినోళ్ళు వీళ్ళు. వీళ్ళు మోస్తారు" అంది. ఒక పెద్దాయన ఏదో అనబోయాడు. ఆవిడ చూపు చూసి పక్కకి తప్పుకున్నాడు.

నలుగురం నాలుగు మూలలా పట్టాం. ఇరుకు సందు, ఆపైన ఎత్తు. సమాధుల తోట గేటు ఒక రెక్కే తెరుచుకుంటుంది. పెట్టెకీ ఇనపరెక్కకీ మధ్య వేలెడు కూడా చోటు లేదు. "తగుల్తది, దింపండి" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. మేం దింపలేదు. ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుంటూ, ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు, మెల్లగా ఐమూలకి తిప్పి గేటు దాటించాం. ఎక్కడా తగల్లేదు. అవతలికి వచ్చాక ఎండ పెట్టె మీద పడింది. కొత్త వార్నిష్ నున్నగా, నిండుగా మెరిసింది. అందులో కొండ, మబ్బులు, మా నాలుగు తలలు కదులుతూ కనిపించాయి.