ఎర్ర గడిలో ఫొటో

మంజుల మంచాలలో పెరిగి, ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చేసి, అమీర్‌పేటలో ఒక ఇరుకు గదిలో కూర్చుని లెక్కలను బొమ్మలుగా చూపే బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంది. మొదటి ఉద్యోగం సాగర్ రోడ్డు మీదున్న ప్లాట్ల కంపెనీలో దొరికింది. రోడ్డుకు రెండు వైపులా చేలు చదునై, హద్దురాళ్లు లేచి, వెంచర్ల జెండాలు ఎగురుతున్న రోజులవి. ఆఫీసులో కంప్యూటర్ తెలిసిన పిల్ల కావాలంటున్నారని చెప్పి, వెంటబెట్టుకుని తీసుకొచ్చింది రేణుకమ్మ. ఆమె మంజుల వాళ్ల వాడకట్టు మనిషే. అక్కడ ప్లాట్లు అమ్మే ఏజెంటు. మంజుల ఆమెను చిన్నమ్మా అని పిలుస్తుంది.

మేనేజర్ విద్యాసాగర్ ఒకరోజు మంజులను పిలిచాడు.

"ఎవరు అమ్ముతున్నరు, ఎవరు కార్ల తిరిగి చాయ్ తాగి వస్తున్నరు, నాకు ఒక్క చూపుల తెల్వాలె. చేస్తవా?"

"చేస్త సార్."

అమ్మకాలన్నీ నలుగురు నాలుగు రకాలుగా రాసిన ఎక్సెల్ షీట్లలో ఉన్నాయి. ఒకే మనిషి ఒకచోట రేణుక, ఇంకోచోట రేణుకమ్మ, మరోచోట ఇంటిపేరుతో. అవన్నీ సరిచేసి, ఒకదానికొకటి కలిపి, స్క్రీన్ మీద గడులతో ఒక డ్యాష్‌బోర్డు గీసింది మంజుల. ఉత్త అమ్మకాలు లెక్కపెడితే అందులో తెలివేముందనుకుంది. వెంచర్ చూపించడానికి ఎంతమందిని తీసుకెళ్తే ఎంతమంది కొన్నారో, ఆ నిష్పత్తి కట్టింది. పైనున్నవాళ్లకు పచ్చ, అందరికంటే అడుగునున్నవాళ్లకు ఎరుపు. పేర్లు మాత్రమే ఉంటే బోసిగా కనిపించి, పక్కన ఫొటోలు కూడా పెట్టింది.

విద్యాసాగర్ చాలాసేపు చూశాడు. "శభాష్," అన్నాడు. మర్నాడే పెద్ద టీవీ తెప్పించి ముందు హాల్లో, కస్టమర్లు కూర్చునే సోఫాలకు ఎదురుగా బిగించాడు.

టీవీ వెలగగానే ఎర్ర గడిలో రేణుకమ్మ ముఖం వచ్చింది.

మంజుల మళ్లీ లెక్క చూసుకుంది. తప్పేమీ లేదు. రేణుకమ్మ అందరినీ తీసుకెళ్తుంది. కొనే స్తోమత లేకున్నా ఒకసారి చూస్తామన్న ముసలివాళ్లను, కూలి పనికి పోయే ఆడవాళ్లను కాదనకుండా ఆఫీసు కారులో ఎక్కిస్తుంది. అమ్మింది పచ్చ గడిలో ఉన్న ఏజెంటు కిష్టాతో సమానంగానే. కానీ కిష్టా చేతిలో డబ్బున్నవాళ్లను తప్ప ఎవరినీ కారెక్కించడు.

పొద్దున మీటింగులో విద్యాసాగర్ రేణుకమ్మను టీవీ కింద నిలబడమన్నాడు. "అందరు జర గట్టిగ చప్పట్లు కొట్టున్రి," అన్నాడు. అందరికంటే గట్టిగా కిష్టా కొట్టాడు. రేణుకమ్మ మొదట తమాషా అనుకుని నవ్వింది. చప్పట్లు ఆగకపోయేసరికి కొంగు భుజం మీదికి లాక్కుని, తల వంచుకుని నిలబడింది.

తర్వాత మంజుల టేబుల్ దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నన్ను అండ్లకెంచి తీసెయ్యమంటలేను. గా ఫొటోల కండ్లు మూసుకున్నట్టున్న. వేరేది పెట్టరాదూ? మనోళ్లు చూస్తరు."

ఆమె ఇచ్చిన ఫొటోలో పట్టుచీర కట్టుకుని, నిండుగా నవ్వుతోంది. మంజుల అదే పెట్టింది. ఎర్ర గడిలో ఆ నవ్వు మరీ ఘోరంగా కనిపించింది.

నాలుగు రోజులకే సంగతి బయటపడింది. కస్టమర్లు సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. పచ్చ గడిలో ఉన్నవాళ్లనే పిలవమంటున్నారు. రేణుకమ్మ సొంత ఆడబిడ్డ భర్త మంచాల నుంచి వచ్చి, టీవీ చూసి, "చెల్లె, ఏమనుకోకు. ఇది పిల్లల కోసం కొనే జాగ ముచ్చట," అని కిష్టాతో వెళ్లి ప్లాటు బుక్ చేసుకున్నాడు. ఆ వారం రేణుకమ్మ లెక్క ఇంకా తగ్గింది.

మంజుల విద్యాసాగర్ గదిలోకి వెళ్లింది.

"సార్, టీవీ లోపలికి మారుద్దాం. ఎర్రగున్నోళ్ల దగ్గరికి ఎవ్వరు పోతలేరు. ఎవ్వరు పోకపోతే వాళ్లు ఎర్రగనే ఉంటరు."

"నువ్వు గిది ఇప్పుడు చూసినవా?" అన్నాడతను, కుర్చీలో వెనక్కి వాలి. "నేను మొదటి రోజే చూసిన. మనిషిని పొమ్మంటే లొల్లి చేస్తరు, నలుగురిని తెస్తరు. ఇట్లయితే వాళ్లే పోతరు. నువ్వు మంచి పని చేసినవ్ పిల్లా. ఫికర్ చెయ్యకు."

మంజుల బయటికి వచ్చి కూర్చుంది. ఆ లెక్కను మార్చడం ఆమెకు పెద్ద పని కాదు. కానీ మార్చిందని తెలిస్తే తన కుర్చీ ఉండదు. మార్చలేదు.

రేణుకమ్మ రోజూ వచ్చింది. రోజూ టీవీ కింద నిలబడింది. ఒక పొద్దున చప్పట్లు మొదలుకాకముందే చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఎవరూ పిలవలేదు. మంజుల ఆమె పేరు తీసేసింది. తీసేయగానే గడులన్నీ ఒక మెట్టు జరిగాయి, అడుగున ఇంకొకరు ఎర్రబడ్డారు. ఎంతమంది పోయినా ఎవరో ఒకరు అడుగునే ఉంటారని మంజులకు అప్పుడు అర్థమైంది. అలా ఒక్కొక్కరే పోగా, ఎండాకాలం వచ్చేసరికి ఆ గడి కిష్టాను చేరింది.

యాచారంలో పెట్టిన కొత్త బ్రాంచికి కూడా అలాంటి డ్యాష్‌బోర్డే చేయమన్నాడు విద్యాసాగర్. చేసింది.

ఒక ఆదివారం మంజుల ధైర్యం చేసి రేణుకమ్మ ఇంటికి వెళ్లింది. తిడుతుందనుకుంది. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. రేణుకమ్మ చాట పక్కన పెట్టి, పీట వేసి, చాయ్ పెట్టింది. మనిషి సగమైంది. చాలాసేపు వానల గురించీ, బస్సుల గురించీ మాట్లాడింది. మంజుల చాయ్ గ్లాసు కింద పెడుతుండగా గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడెవలున్నరు బిడ్డా, గా ఎర్రదాంట్ల?"

"కిష్టన్న."

రేణుకమ్మ ముఖంలోకి రక్తం వచ్చినట్టయింది. మంజుల పీట దగ్గరికి జరిగింది.

"నిలవెడుతున్నడా?"

"నిలవెడుతున్నడు."

"చప్పట్లు?"

"అవ్. అందరు కొడుతున్నరు."

"మరి వాడెట్ల నిలబడ్డడు? తల వంచుకున్నడా?"

కిష్టా తల వంచుకోలేదు. సెల్‌ఫోన్ చూసుకుంటూ, ఎవరితోనూ సంబంధం లేనట్టు నిలబడ్డాడు. ఆ మాట మంజుల నోటిదాకా వచ్చి ఆగింది. ఇన్ని నెలలుగా ఈ మనిషికి తను ఇవ్వగలిగింది ఏదీ కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది.

"ఏడ్చిండు చిన్నమ్మా," అంది. "అందరి ముంగటనే ఏడ్చిండు."

రేణుకమ్మ లేచి, పొయ్యి మీద మిగిలిన చాయ్ తెచ్చి మంజుల గ్లాసులో పోసింది.

"కూసో బిడ్డా, గంత తొందరేముంది," అంది. "మొదటి నుంచి చెప్పు."