సీటు మారిస్తే పెరిగే పికప్పు

సీట్ల దర్జీ చేత సీటు కుట్టిస్తే బండికి పికప్పు పెరుగుతుందని ఆ వీధుల్లో ఒక మాట ఉంది. ఎవరు పుట్టించారో తెలియదు, ఇంతవరకూ ఎవరూ రుజువు చేసిందీ లేదు. రెక్సీను ముక్కకీ ఇంజనుకీ ఏం చుట్టరికమని అడిగితే మాత్రం జనం కొట్టేలా చూస్తారు. కాటికి కాళ్లు చాచిన బండి కూడా ఆయన సీటు వేసుకోగానే మేకపిల్లలా గంతులేస్తుందట. ఒక స్కూటరైతే సీటు బిగించిన మర్నాడు యజమాని ఎక్కకముందే బయల్దేరిపోయిందట. కళ్లారా చూసినవాళ్లు నలుగురున్నారు. ఆ స్కూటరు రంగు అడిగితే నలుగురూ నాలుగు రంగులు చెబుతారు.

ఆ మాట వెనక ఉన్న సంగతి వేరు. అది దర్జీ అన్నగారితో మొదలవుతుంది.

అన్న నీళ్ల మోటార్లు బాగుచేసే ఫిట్టరు. ఆయనకి ఆకుపచ్చ మోటారుసైకిలు ఒకటుండేది. మనిషి ఇంకా మలుపు దగ్గర ఉండగానే దాని చప్పుడు ఇల్లు చేరేది. గుమ్మం ముందు ఆపాక కూడా ఆయన ఇంజను ఆపేవాడు కాదు. కాసేపు అలా ఆడనిచ్చేవాడు. లోపల్నుంచి తల్లి రోజూ ఒకటే కేక.

"ఆపరా! పొగంతా ఇంట్లోకొస్తోంది!"

"ఉండమ్మా, పాపం, పరిగెత్తి వచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకోనీ."

ఆదివారం వస్తే మేస్త్రి షెడ్డు ముందు బళ్లపిచ్చోళ్లందరూ చేరేవాళ్లు. షెడ్డు మేస్త్రి, లెక్కల మాస్టారు, పాతకారు కాంపౌండరు, బస్సు నడిపే రేడియో. నిద్రలో కూడా నోరు మూతపడదని ఆయనకా పేరు. ఏ ఆయిలు పోస్తే ఇంజను చల్లగా ఉంటుంది, ఎవరి బండి ఎత్తు ఎక్కుతుంది, ఎవరిది ఎక్కలేక ఏడుస్తుంది, ఇదే గోల. పెళ్లాంతో మాటలు మానేసినవాడు ఆ గుంపులో ఉన్నాడు గానీ, ప్లగ్గు తుడవడం మానేసినవాడు లేడు.

వాళ్లకొక కట్టుబాటు ఉంది. గుంపులో ఎవరైనా పోతే ఆ బండిని పరాయివాళ్లకి అమ్మరు. ఇంజనూ, చట్రమూ, చక్రాలూ, సీటూ ఇంటివాళ్లకి వదిలేసి, మిగతాది విప్పి తలో సామానూ పంచుకుంటారు. ఎవరి వాటా వాళ్లు తమ బండికి బిగించుకుంటారు. మనిషి ఆగినా బండి తిరుగుతూనే ఉండాలని వాళ్ల పట్టుదల. మొదటి బోల్టు మాత్రం రక్తసంబంధీకుడే వదులు చెయ్యాలి. ఒకసారి ఇచ్చాక తిరిగి అడగకూడదు. ఇచ్చింది చచ్చినవాడు కదా, చచ్చినవాడి చేతిలోంచి లాక్కుంటామా అంటారు.

ఫిట్టరు ఒకరోజు మోటారు విప్పుతూ విప్పుతూనే పక్కకి ఒరిగిపోయాడు. చేతిలో స్పానరు కూడా జారలేదట. పది రోజులు తిరక్కుండానే దర్జీ కళ్లు తుడుచుకుంటూ మొదటి బోల్టు వదులు చేశాడు. కార్బురేటరు మాస్టారికి వెళ్లింది. పెట్రోలు ట్యాంకు మేస్త్రికి. ఫిట్టరు మోకాలు ఆని ఆని దానికి బుగ్గమీద సొట్టలాంటి గుంట పడి ఉండేది. హారను కాంపౌండరు తన కారుకి పెట్టుకున్నాడు. ఏనుగుకి చీమ గొంతు వచ్చినట్టు ఉండేది. సైలెన్సరు రేడియోకి దక్కింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. తల్లిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆరేడు నెలలకి ఆవిడ కాలు జారి పడి మంచం పట్టింది. ఒక సాయంత్రం కొడుకుని దగ్గరికి పిలిచింది.

"బండి ఏదిరా?"

"ఏ బండమ్మా?"

"నాటకాలాడకు. వాడు పోయాడని నాకు తెలుసు. బండి ఎక్కడికి పోయింది?"

దర్జీ నోటికి అబద్ధం సూదిలో దారంలా ఎక్కింది. "షెడ్డులో ఉందమ్మా. రిపేరు."

"ఏమొచ్చింది దానికి?"

"కార్బురేటరు."

"పోరా! దాన్ని వాడు కన్నబిడ్డలా చూసుకునేవాడు." ఆవిడ కాసేపు పైకప్పు చూసింది. "నేను పోయేలోగా ఒక్కసారి దాని చప్పుడు వినిపించు. వాణ్ణి తీసుకురమ్మనడం లేదు కదా."

ఆ మాటతో దర్జీ సగమైపోయాడు. మొదటి బోల్టు తిప్పింది తన చెయ్యే. అడిగితే అన్న ఇచ్చింది తమ్ముడు లాక్కున్నాడన్న మాట మిగులుతుంది. అడక్కపోతే తల్లి కళ్లు తెరుచుకునే పోతుంది. డాక్టరు అప్పటికే ఆవిడ నాడి చూసి, మందుల పేర్లేవీ చెప్పకుండా, దగ్గరుండి చూసుకోమని వెళ్లిపోయాడు.

కుట్టు మిషను ముందు కూర్చుని దర్జీ ఒక దారి కనిపెట్టాడు. మొదట మాస్టారి దగ్గరికి వెళ్లి, సీటు కొత్తది కుడతాను, అన్నయ్య పేరు చెప్పుకుని ఊరికే కుడతాను అన్నాడు. బండి వచ్చింది. దుకాణం తలుపు వేసి, అన్న కార్బురేటరు విప్పుకుని, దాని స్థానంలో అచ్చం అలాంటిదే కొత్తది బిగించాడు. చిన్నప్పట్నుంచీ అన్న పక్కన స్పానర్లు అందించిన చేతులే అవి. పని సులువుగానే అయిపోయింది. ఆ తరవాత సీటు కుడుతుంటే మాత్రం సూది వేలిలోకి దిగినా తెలియలేదు.

ఆదివారం షెడ్డు దగ్గర మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి. సీటు మార్చినప్పట్నుంచీ పికప్పు వేరేగా ఉందయ్యా."

"సీటుకీ పికప్పుకీ ఏంటండీ సంబంధం?" అన్నాడు రేడియో. "మీరు పిల్లలకి లెక్కలు చెప్తారా, పిట్టకథలు చెప్తారా?"

"వెనక్కి జారకుండా కూర్చుంటే బరువు చక్రం మీద సరిగ్గా పడుతుంది. నీకు చెప్పినా ఎక్కదులే."

"ఎక్కదండీ. నా తలకాయకి కూడా సీటు కుట్టించాలి కాబోలు!"

అందరూ నవ్వారు. దర్జీ తల వంచుకున్నాడు. తరవాత మేస్త్రి బండి వచ్చి వెళ్లింది. గుంట ఉన్న ట్యాంకు పోయి, నున్నగా గుడ్డులా ఉన్న ట్యాంకు వచ్చింది. మేస్త్రి దానిమీద అరచేత్తో నిమిరి, "సీటు మార్చాక బండికి కళొచ్చింది" అన్నాడంతే. కాంపౌండరు కారు సీట్లన్నీ మారాయి. "కవర్లు కొత్తవి వేశాక హారను గొంతు విచ్చుకుంది" అని ఆయన వీధి అదిరేలా మోగించి చూపించాడు. ఇంత వెర్రిబాగులవాళ్లా వీళ్లు అని దర్జీకి ఆశ్చర్యమేసేది. అన్న స్నేహితుల్ని మోసం చేస్తున్నానని అన్నం సహించేది కాదు. అలా ఒక్కో సామానూ, ఇంజనూ చట్రమూ దాచిన దుకాణం వెనకగదికి చేరింది. ఒక్కటే మిగిలింది.

అది రేడియో మోటారుసైకిలుకున్న సైలెన్సరు. ఆయన దాన్ని రోజూ తుడిచి అందులో చూసుకుంటూ మీసం దువ్వుకునేవాడు. సీటు కుడతానంటే, "నా సీటు రాయిలా ఉంది తమ్ముడూ, నా మనవడి పెళ్లి దాకా ఉంటుంది" అనేవాడు. అక్కడ తల్లికి చెంచాడు నీళ్లు కూడా దిగడం కష్టమైంది. దర్జీ వేరే సైలెన్సరు పెట్టి వెనకగదిలోనే ఒకసారి స్టార్టు చేసి చూశాడు. ఎవరో పరాయివాడు ఇంట్లోకొచ్చి దగ్గినట్టుంది. వెంటనే ఆపేశాడు.

ఇక లాభం లేదు, కట్టుబాటూ లేదు గాడిదగుడ్డూ లేదు, కాళ్లు పట్టుకునైనా అడిగేస్తానని బస్సు డిపోకి వెళ్లాడు. రేడియో డ్యూటీ దిగి ఎదురొచ్చాడు. అడగాల్సిన మాట బదులు దర్జీ నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"అన్నా, మీ సీటు చిరిగింది."

రేడియో తన బండి వైపు చూశాడు. "చిరగలేదే."

"చిరుగుతుందన్నా."

పుట్టి బుద్ధెరిగాక రేడియో మొదటిసారి మాట్లాడకుండా నిలబడ్డాడు. డిపోలో బస్సులు కూడా ఆ మౌనానికి బెదిరి ఇంజన్లు ఆపుకున్నాయంటారు. అది ఎక్కువే గానీ, చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మర్నాడు పొద్దున్నే ఆయన బండి దుకాణం ముందు ఆగింది. సీటు మీద ఆ చివర్నుంచి ఈ చివరిదాకా బ్లేడుతో గీసినట్టు ఒకటే గాటు.

"నువ్వన్నట్టే చిరిగిందిరా తమ్ముడూ" అన్నాడు. తాళం బల్లమీద పెట్టాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "సైలెన్సరు ఇంకా కాలుతోంది. చెయ్యి జాగ్రత్త."

సీటు కుట్టేవాడికి సైలెన్సరుతో ఏం పని? దర్జీ కత్తెర కింద పెట్టేశాడు. అప్పుడు తట్టింది. పక్కవాడి బండి చైను ఒక లింకు వదులైతే తమ పళ్లు జివ్వుమనే మనుషులు వీళ్లు. గుంట ఉన్న ట్యాంకు గుంట లేకుండా వస్తే తెలియదా? కారు హారను మారితే వినపడదా? అడక్కూడదన్న కట్టుబాటు తనది. తెలిసి తిరిగిచ్చామంటే అదే కట్టుబాటు వాళ్లూ తప్పినట్టు. అందుకని పికప్పు గొప్పంతా సీటుకి కట్టబెట్టారు. దర్జీ ఆ చిరిగిన సీటు మీద తల ఆన్చి చాలాసేపు ఉండిపోయాడు.

ఆ సాయంత్రం ఆకుపచ్చ బండి గుమ్మం ముందుకి వచ్చింది. గుంపంతా మలుపు దగ్గరే ఇంజన్లు ఆపుకుని నిలబడింది. ఎవరూ ముందుకి రాలేదు. కిక్కు కొడితే దగ్గింది, మళ్లీ కొడితే మూలిగింది, ఆ తరవాత అందుకుంది. ఆ చప్పుడుకి వీధి చివర ఎండిపోయిన పంపులోంచి నీళ్లు వచ్చాయని కాంపౌండరు నేటికీ ఒట్టేస్తాడు.

లోపల మంచం మీద ఏ కదలికా లేదు. దర్జీ యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పి కిటికీ వైపు చూశాడు. ఆలస్యం చేశానా అనుకున్నాడు. అప్పుడు కిటికీలోంచి, దారప్పోగంత సన్నగా వచ్చింది గొంతు.

"ఆపరా! పొగంతా ఇంట్లోకొస్తోంది!"

ఆయన ఆపలేదు. అన్నలాగే కాసేపు దాన్ని ఊపిరి పీల్చుకోనిచ్చాడు. మలుపు దగ్గర రేడియో గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

వానలు మొదలవకముందే ఆవిడ వెళ్లిపోయింది. ఎవరూ అడక్కుండానే దర్జీ బండిని షెడ్డు దగ్గరికి నడిపించుకెళ్లి, రెండోసారి మొదటి బోల్టు వదులు చేశాడు. ఎవరి సామాను వాళ్ల చేతిలో పెట్టాడు. పుచ్చుకున్నవాళ్లు కూడా ఒక్క మాట అనలేదు. మేస్త్రి బండికి మళ్లీ ఆ గుంట ట్యాంకే ఉంది. కారు మళ్లీ చీమ గొంతుతోనే కూస్తోంది.

ఈ సంగతి ఎవరైనా దర్జీ ముందు ఎత్తితే పళ్లతో దారం తెంపి, కళ్లజోడు పైనుంచి చూస్తాడు.

"ఎవడు చెప్పాడండీ మీకు? రేడియో అయ్యుంటాడు. ఆయన నోట్లో నువ్వుగింజ కూడా నానదు. నేను సీట్లు కుట్టుకునేవాణ్ణి, స్పానరు ఏ వైపు తిప్పాలో కూడా తెలీదు నాకు. మా అన్నయ్య బండి పంచాక మళ్లీ స్టార్టయిందే లేదు. మా అమ్మ ఆ రోజు పిలిచింది పొయ్యి పొగ గురించి. అంతా కట్టుకథ." మిషను చక్రం మీద చెయ్యి వేస్తాడు. "సీటు బాగుంటే బండి బాగా పోతుందండీ. అంతకుమించి ఏం లేదు."