సూది బెజ్జమంత కన్నం

వీధిలో అందరికీ ఆమె తుపాకీ అక్క. నిజానికి టైలరు. ముందుగదిలో ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతూ, వెనకగది బీరువాలో నాలుగు పాత జర్మన్ ఎయిర్ రైఫిళ్లు పోగుచేసుకుంది. పిట్టల్ని కొట్టేవి కావవి, పోటీల్లో కాగితం మీది నల్లచుక్కను కొట్టేవి. ఆ డబ్బుతో నగలు కొనుక్కోవచ్చుగా అని ఎవరైనా అంటే, "నగలకి గురి కుదురుతుందా?" అని నోరు మూయించేది.

ఈ ఏడు సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. కంటిపాప మీది పొర వంకరపోయిందనీ, కళ్లజోడుతో పూర్తిగా సర్దుకోదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట చెవిన పడిందో లేదో, తమ్ముడు పాతసామాన్ల వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు.

"కళ్లు కనబడనప్పుడు ఇవెందుకక్కా? అమ్మేసి హాయిగా మిషను కుట్టుకో."

ఎంత తెలివి! ఆమెకు ఒళ్లు మండింది. ఈలోగా వ్యాపారి ఒక రైఫిలు వెనకాల బిగించిన, కన్ను పెట్టి చూసే గురిచూపు బిళ్ల ఊడదీసి, "ఇవి విడిగా అయితే బాగా పోతాయి" అన్నాడు.

"ముందు దాన్ని ఉన్నచోట బిగించు" అందామె. "ఒరే తమ్ముడూ, డాక్టరమ్మ సూది బెజ్జమంత చిల్లులున్న అట్టముక్క కంటికి అడ్డం పెట్టి చదవమంది. గడగడా చదివేశాను. ఈ గురిచూపులో ఉన్నదీ అలాంటి చిల్లే."

నడవా చివర ఇనప డబ్బాకి కాగితం తగిలించింది. మీట లాగి, గుండు పెట్టి, చెంప ఆనించింది. మసకంతా పోయి నల్లచుక్క గుండ్రంగా నిలబడింది. ఐదు గుండ్లలో నాలుగు నడిమధ్యన పడ్డాయి. ఐదోది పక్కకి పోయింది. అది కంటి తప్పు కాదు, కోపం తప్పు.

"మరి కుట్టుపని?" తమ్ముడు నసిగాడు.

ఆమె మిషను వైపు చూసింది. ఏడాదిగా తన వంకర కుట్లు తానే విప్పుకుంటూ, ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయింది. అయినా మాట తడబడలేదు.

"ఇదిగో, మిషను తీసుకెళ్లు" అంది వ్యాపారితో.

"అక్కా, అన్నం పెట్టిన మిషను!"

"పెట్టింది, కాదన్నానా? ఇకమీద కత్తిరింపు నాది, బయట కుట్టేవాళ్లు కుడతారు. నాకు ఏది కనబడుతుందో, ఏది కనబడదో నువ్వు చెప్పక్కర్లేదు."

పోత ఇనుము మిషను. వ్యాపారి ఒక్కడి వల్ల లేవలేదు. రెండో కొస తమ్ముడే పట్టుకోవాల్సి వచ్చింది.