సన్యాసమ్మ జీడి చేతులు

పలాసలో ముప్పయ్యేళ్లు జీడిపిక్కలు కొట్టిన సన్యాసమ్మ, ఇంటికొచ్చి చేతులు ఎంత తోముకున్నా, కూతురు తనూజ చెంప మాత్రం ఒక్కనాడూ నిమరలేదు. పిక్కల పెంకులోంచి కారే జీడి రసం అంటితే లేతచర్మం బొబ్బలెక్కుతుందని ఆమె భయం.

రెండు వేల మూడులో పక్షవాతం వచ్చి ఎడమపక్క పడిపోయింది. టెక్కలిలో ఆసుపత్రి మంచం మీద కూడా, మతి చెదిరి, కుడిచేత్తో గాల్లో పిక్కలే కొడుతోంది. తనూజ దగ్గరికొస్తే చాలు, ఒళ్లంతా చెమట. మిషన్ మీద గుండె వేగం నూట ముప్పై.

"రాకే! సేతులకి జీడున్నాది!"

"గుండెనీ చెమటనీ వాటంతటవే నడిపే నరాలు కూడా అదుపు తప్పాయమ్మా. కొంచెం దూరంగా ఉండు," అన్నాడు డాక్టరు.

కన్నతల్లికి దూరంగా ఉండటమే వైద్యమట! తనూజ నాలుగు రోజులు గుమ్మం దగ్గరే నిలబడింది. అక్కడుంటే అంకె తొంభైకి దిగేది.

అయిదో రోజు పొద్దున్న సన్యాసమ్మ చూపు తేటపడింది.

"ఏటే, అక్కడే నిలబడిపోనావు? ఇటు రా."

తనూజ పరుగున వెళ్లి, తల్లి ఎడమచేతిని రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుంది. బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఏడవకే," అంది సన్యాసమ్మ. "ఓపాలి నా ఎడంసెయ్యి అట్టుకోయే. ఎక్కడున్నాదో తెలవడం నేదు."